గాలిని వడగట్టిన పెరడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దల్లో ఒక్కరైనా తిరుపత్తూరులో కాపురం చేసి ఉంటే, 'పెరడు పెంచి చూడు' అని మూడోది కూడా చేర్చి ఉండేవారు.

ఏ తిరుపత్తూరు అంటారేమో! శివగంగ వైపు ఉన్నది కాదు. మన పాత ఉత్తర ఆర్కాటు తిరుపత్తూరు. 2019 నవంబరు 28న వేలూరు జిల్లా నుంచి విడివడి తన పేరుతోనే జిల్లా కేంద్రమైంది. వేలూరు, గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడిల్లో లాగానే ఇక్కడా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఊరు సముద్రమట్టానికి సుమారు 390 మీటర్ల ఎత్తున ఉంది. ఒకవైపు వెయ్యి మీటర్లు దాటిన ఏలగిరి, తూర్పున జవ్వాది కొండలు. ఇన్ని కొండలుంటే గాలికి అడ్డం కాదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. నైరుతి గాలి వచ్చేది కృష్ణగిరి వైపు నుంచి. అటు చూస్తే మెరక నేల బారుగా తెరుచుకుని ఉంటుంది. జూన్‌లో మొదలై ఆగస్టు దాకా ఆ గాలి పట్టపగలు తలుపులు బాదుతూనే ఉంటుంది. ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళుల సామెత. మన ఆషాఢమూ వాళ్ళ ఆడీ సరిగ్గా ఒకటి కావు. మనది చాంద్రమానం, వాళ్ళది సౌరమానం. గాలికి మాత్రం ఆ తేడా తెలియదు.

మా అన్నయ్యగారి ఇల్లు ఈ ఊరి పడమటి అంచున ఉంది. ఇంటి వెనక అరవై అడుగుల వెడల్పు, తొంభై అడుగుల పొడవు పెరడు. ఆ పైన పొలాలు, ఆ పైన ఆకాశం. మా వదినగారు అక్కడ నాటని మొక్క లేదు. అరటి ఆకులు చీలికలు పేలికలైపోయేవి. మునగ కొమ్మలు ఫెళఫెళ విరిగేవి. మందారం మొగ్గలు విచ్చకుండానే రాలిపోయేవి. దేవుడికి పెట్టడానికి పూలు మూరల లెక్కన బజారులో కొనుక్కునే ఇంట్లో ఇంత నేల ఖాళీగా పడి ఉండటం చూసి, బెంగుళూరులో ఉన్న పెద్దవాడు ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు తేల్చి చెప్పాడు. "అమ్మా, దీన్ని సిమెంటు చప్టా చేసి లారీల షెడ్డుకు అద్దెకిద్దాం. లేదంటే రెండు ప్లాట్లుగా అమ్మేద్దాం." అన్నయ్య ఏమీ అనలేదు. వదినే గడువు అడిగారు. రెండు ఆషాఢాలు. ఆ రెండూ దాటి మొక్కలు నిలబడితే తోట, లేకపోతే చప్టా.

గోడ చేసిన పని

గాలిని ఆపాలంటే గోడ ఎత్తాలని ఎవరికైనా తోస్తుంది. వాళ్ళూ అంతకు ముందే పడమటి ప్రహరీని ఎనిమిది అడుగులకు పెంచి ఉన్నారు. దాని ఫలితం విచిత్రంగా ఉండేది. గోడ పక్కనే ఉన్న తులసి బాగుండేది. కొంచెం ఎడంగా ఉన్న గులాబీలు మాత్రం మునుపటికన్నా ఎక్కువగా చిత్తయ్యేవి. కారణం తెలిస్తే విచిత్రం ఏమీ కాదు. రంధ్రం లేని గోడకు తగిలిన గాలి పైకెక్కి దూకుతుంది. అవతల పక్క సుడి తిరుగుతూ నేల మీద విరుచుకు పడుతుంది. ఆపినట్టే ఆపి వెనక నుంచి కొట్టినట్టన్నమాట.

అదే సగం మూసి సగం తెరిచినట్టుండే అడ్డు పెడితే కథ వేరు. ఆకుల మధ్య, కొమ్మల మధ్య దూరి వచ్చేసరికి గాలి బలం తగ్గిపోయి, మెల్లగా ముందుకు సాగుతుంది. సుడి పుట్టదు. అలాంటి పచ్చటి అడ్డు తన ఎత్తుకు పది రెట్ల దూరం వరకు బాగా కాపు కాస్తుందనీ, ఆ పైన ఇరవై రెట్ల దాకా కొద్దికొద్దిగా పనిచేస్తుందనీ వ్యవసాయ శాస్త్రం తెలిసినవాళ్ళు ఎప్పుడో లెక్క తేల్చారు. అంటే పది అడుగుల కంచె వంద అడుగుల నేలను చూసుకుంటుంది. వదిన పెరడు తొంభై అడుగులే గదా! ఇంకొక లెక్క కూడా ఉంది. మొక్కను గాలి తోసే బలం దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. కనుక వేగం సగానికి తగ్గితే తాకిడి నాలుగో వంతుకు దిగుతుంది. గాలిని పూర్తిగా ఆపవలసిన పనే లేదు.

ఇదంతా చదివి చెప్పబోతే, చిన్నకోడలు ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ పిల్ల పుట్టిల్లు గుడియాత్తం, మగ్గాల ఇల్లు. "దుప్పట్లో కాఫీ వడగట్టలేం గదా అత్తయ్యా, పలచటి గుడ్డ కావాలి. గాలికీ అంతే!" అంది. నేత ఇంటి పిల్లకు అల్లిక గురించి మనం చెప్పాలా?

వావిలి అంటే తెలియని నర్సరీ

ఏ మొక్కలు పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. ఇక్కడ మన బోంట్లకు ఇంకో చిక్కుంది. మన అమ్మమ్మలు చెప్పిన పేర్లు నర్సరీలో పనిచేయవు. వదిన వెళ్ళి "వావిలి ఉందా?" అంటే ఆ కుర్రాడు తెల్లముఖం వేశాడు. "నొచ్చి" అనగానే గంపెడు తెచ్చి పెట్టాడు. అందుకని మన పాఠకుల సౌకర్యం కోసం కొన్ని జంట పేర్లు చెబుతాను. మన కానుగ వాళ్ళకు పుంగన్. గంగరావి పూవరసు. వాక్కాయ కళాక్కాయ. తంగేడు ఆవారం. రేల కొన్రై. పొగడ మగిళం. పారిజాతం పవళమల్లి. గోరింట మరుదాణి. సరుగుడు సవుక్కు. కనకాంబరం ఎక్కడైనా కనకాంబరమే. అన్నిట్లోకీ నాకు నచ్చింది అడ్డసరం. దాన్ని ఆడాతోడై అంటారు. ఆడు అంటే తమిళంలో మేక. మేక ముట్టనిది కనుక ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్ళు చెబుతారు. వ్యుత్పత్తి మాట పండితులు చూసుకుంటారు గాని, మేక ముట్టదన్నది నిజం. తిరుపత్తూరు పెరటికి గాలి మొదటి శత్రువైతే మేక రెండోది.

కంచె ఇలా అమరింది. పడమటి ప్రహరీలో పై నాలుగు అడుగులు తీసేసి, కింది నాలుగడుగులు ఉంచారు. దానికి ఆనుకుని బయటి వరసగా అడ్డసరం, మధ్యలో వావిలి, లోపలి వరసలో పన్నెండేసి అడుగుల ఎడంతో కానుగ, గంగరావి. వరసలను ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నిలబెట్టకుండా, ముందు వరసలోని సందుల్లోకి వెనక మొక్క వచ్చేలా నాటారు. ఉత్త చెట్ల వరసే పెడితే, మొదళ్ళ దగ్గర ఆకు లేక గాలి కింది నుంచి దూసుకొస్తుంది. అందుకే పొట్టి, మధ్యరకం, పొడుగు మూడూ కావాలి. కంచె చివర్ల దగ్గర గాలి మలుపు తిరిగి జోరందుకుంటుంది కాబట్టి, ఉత్తర దక్షిణాలకు కూడా పదిహేనేసి అడుగులు మడత వేశారు. ఆ మడతల్లో వాక్కాయ, గోరింట. వాక్కాయకు ముళ్ళుంటాయి. మనిషైనా మేకైనా దూరలేరు, పైగా పప్పులోకి పుల్లటి కాయ. పొలం వైపు దారికి గుమ్మం తప్పదు. సందున్న చోట గాలి గొట్టంలోకి దూరినట్టు దూసుకొస్తుంది కనుక, గుమ్మానికి ఎదురుగా లోపల నాలుగు అడుగుల అవతల ఒక వావిలి గుబురు పెట్టి, దారిని పక్కకు తిప్పారు.

మొక్కలు ఎదిగేదాకా ఏం చేయాలి? వావిలి కొమ్మ గుచ్చినా బతుకుతుంది, త్వరగానే సాగుతుంది. అయినా పది అడుగులు కావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అందాకా సవుక్కు కర్రలు పాతి కొబ్బరాకు తడికలను ఎడంఎడంగా కట్టారు. వాటి చాటున మొదటి ఏడాది కందీ జొన్నా వత్తుగా చల్లారు. కంది పప్పుకొచ్చింది, జొన్న పిచ్చుకలకు పోయింది.

నాటే కాలం గురించి ఒక మాట. గుడియాత్తంలో గంగమ్మ శిరసు ఉత్సవం మే నెల నడుమ వస్తుంది. అది అయ్యాక గోతులు తవ్వి ఆరనిచ్చారు. మొక్కలు మాత్రం ఆషాఢపు గాలి తగ్గాక, ఈశాన్య ఋతుపవనాల వానలకు ముందు నాటారు. ఆ వానల్లో వేళ్ళు దిగితే మరుసటి గాలినాటికి మొక్క పట్టు చిక్కించుకుంటుంది. మోకాటి ఎత్తు మొక్కలే కొనమన్నాను. నిలువెత్తు మొక్క కొంటే చూడ్డానికి బాగుంటుంది గాని, కుండీలో వేరు చుట్టుకుపోయి గాలికి ఊగిసలాడుతుంది. ఊతకర్ర కూడా మొక్క ఎత్తులో మూడో వంతుకు మించకూడదు. కాండం కాస్త ఊగితేనే మొదలు లావెక్కుతుంది, వేరు బలుస్తుంది. బిగించి కట్టేసిన మొక్క, కర్ర తీసిన రోజు కూలబడుతుంది. పిల్లల పెంపకం గుర్తొస్తోంది గాని, ఆ సంగతి వేరే సంచికకు అట్టిపెడదాం. కట్టడానికి కోడలు పుట్టింటి నుంచి లుంగీల నేతలో మిగిలిన నూలు పోగులు తెచ్చింది. మెత్తగా ఉండి కాండాన్ని కోయవు.

తొందరపాటు చెట్లు

తొందరగా పెరిగే చెట్టు పెడితే సరిపోదా అని పెద్దవాడు ఫోనులో అడుగుతూనే ఉన్నాడు. అతని తప్పు లేదు, అందరికీ అదే ఆశ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ పచ్చదనాన్ని ఊడ్చేసింది. ఆ తరువాత త్వరగా ఎదుగుతాయని ఏడాకుల చెట్లు విరివిగా నాటారు. అవి పూసే కాలంలో ఆ ఘాటు వాసన భరించలేమని జనం మొరపెట్టుకున్నారు. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను మదరాసులో వేల చెట్లను పడగొట్టినప్పుడు, నీడకోసం వీధుల్లో పెంచిన ఎర్రతురాయి వంటి పరదేశపు చెట్లు ఎన్నో నేలకూలాయి. ఈ మధ్య ఎక్కడ చూసినా కోనోకార్పస్ వరసలే! ఆ చెట్టును నాటవద్దని గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధం పెట్టింది. ఇక సర్కారు తుమ్మ నాటనక్కరలేదు, వద్దన్నా వస్తుంది. దాన్ని మొలకలోనే పీకాలి.

సరుగుడు మాట అడుగుతారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరువాత మన కోస్తాలో తీరం వెంబడి సరుగుడు తోపులు పెంచారు. ఇసుక నేలలో సముద్రపు గాలికి అవి చేసే మేలు గొప్పది. అయితే అది ఎకరాల లెక్క. అరవై అడుగుల పెరటిలో సరుగుడు వరస నీడంతా మింగేసి, రాలిన ఆకు పరుపు కింద ఇంకేదీ మొలవనీయదు. వదిన వద్దన్నారు. నేనూ సరే అన్నాను.

తిరుపత్తూరు అనగానే చందనం గుర్తొస్తుంది. జవ్వాది కొండల గంధపు చెట్టుకు ఈ ఊరు ప్రసిద్ధి, ప్రభుత్వ గంధపు చెక్కల డిపో ఉన్న ఊరు. అన్నయ్యకు ఒక్క గంధం మొక్కైనా ఉండాలని కోరిక. అది తన ఆకులతో తిండి వండుకున్నా, వేళ్ళతో పక్క మొక్కను పట్టుకుని నీరూ సారమూ కొంత లాక్కుంటుంది. ఒంటరిగా పెడితే నీరసపడుతుంది. అందుకని కంది వరస పక్కన, కానుగ అందుబాటులో ఒకటి పెట్టారు. బతికే ఉంది. నరకాలంటే అటవీశాఖ అనుమతి కావాలి గనుక, అది మనవల తరం వ్యవహారం.

లోపలి తోట

కంచె నిలబడ్డాక లోపల ఏముండాలన్నది సరదా భాగం. ఇంగ్లండులో బెత్ ఛాటో అనే తోటమాలి ఉండేవారు. 2018లో కన్నుమూశారు. ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వానే కురిసే ఎసెక్స్ ప్రాంతంలో, పాత కారు పార్కింగు జాగాను 1990ల మొదట్లో ఆవిడ కంకర తోటగా మార్చారు. నాటిన కొత్తలో తప్ప దానికి నీళ్ళు పోయరు. ఏ నేలకు తగిన మొక్క ఆ నేలలో పెట్టడమే ఆవిడ పద్ధతి. చప్టా కాబోయిన చోట తోట వేయడం, కార్ల చోట తోట వేయడం, రెండూ ఒకే వరస గదా అని ఆ సంగతి వదినకు చెప్పాను. "మరి మనవాడు తోటలో లారీలు పెడతానంటాడేమమ్మా?" అన్నారావిడ.

మనకు అక్కడికన్నా వాన ఎక్కువే. అయితే కురిస్తే కుండపోత, లేకపోతే ఎండ. అందుకే మడులు ఎత్తుగా కాక, నేలకన్నా జానెడు లోతుగా తీశారు. పల్లపు మడిలో నీరు నిలుస్తుంది. గాలి పైనుంచి పోతుంది, తేమ ఆరదు. మడుల మీద ఎండాకులు, వేరుశనగ పొట్టు మందంగా పరిచారు. పొట్టు ఎగిరిపోకుండా పైన పలచగా కంకర.

నీళ్ళ సంగతి ముందే చూసుకోవాలి. పాలారు లోయలో తోళ్ళ పరిశ్రమల వల్ల బావులు చెడి, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1996 ఆగస్టు 28న పెద్ద తీర్పు వచ్చిన సంగతి వాణియంబాడి, ఆంబూరు వాసులకు వేరే చెప్పనక్కరలేదు. బోరు నీటిలో ఉప్పెంతో పరీక్ష చేయించకుండా మొక్కలు కొనడం డబ్బు పారబోసుకోవడమే. వేలూరు దగ్గర విరించిపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, సలహా అడగవచ్చు. కాస్త ఉప్పు నీటికి కానుగ, గంగరావి, సపోటా ఓర్చుకుంటాయి.

గాలి ఉన్న చోట గాలితో ఆడుకునే మొక్కలు పెట్టాలని నా అభిప్రాయం. కంచె దాటి మెత్తబడి వచ్చిన గాలికి వట్టివేరు దుబ్బులు అలలు అలలుగా ఊగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. దాని వేళ్ళు నిలువునా పది అడుగుల దాకా దిగగలవు, మట్టి కదలదు. ఆరేడు దుబ్బులు, వాటి ముందు నిమ్మగడ్డి, వాటి మధ్య పచ్చగా తంగేడు. తంగేడుకు నీళ్ళు పోసే పని లేదు. తెలంగాణవాళ్ళు బతుకమ్మలో పేర్చుకునే పువ్వు మా పెరట్లో పూస్తోందని వదినకు అదొక గర్వం.

వాసన మొక్కల చోటు కూడా గాలే నిర్ణయించింది. ఇంటి కిటికీలకు పడమట, పది పదిహేను అడుగుల దూరంలో మల్లె, జాజి, మరువం, దవనం. సాయంత్రం గాలి వాటి మీదుగా వచ్చి వరండాలోకి పరిమళాన్ని మోసుకొస్తుంది. ఈశాన్యపు మూల పారిజాతం. దాని కింద ఊడ్చి ముగ్గు వేసి ఉంచితే, తెల్లవారేసరికి పూజకు పువ్వులు రాలి ఉంటాయి. అరటినీ బొప్పాయినీ ఇంటి గోడ చాటుకు మార్చారు. కరివేపాకు, నిమ్మ వంటింటి పక్కన. వాటి మీద సీతాకోకచిలుకల గొంగళ్ళు ఉంటాయి. కోడలు వాటిని చంపనివ్వదు. సగం ఆకు వాటికి, సగం పోపుకు. గన్నేరు గాలికి ఎంత గట్టిదైనా, నిలువెల్లా విషం. మనవలు తిరిగే పెరట్లో వద్దనుకున్నారు.

గడువు పెట్టిన రెండు ఆషాఢాల్లో మొదటిది గట్టిగానే పరీక్షించింది. తడికలు రెండుసార్లు కూలాయి. మూడు గంగరావులు మొదలంటా వాలిపోయాయి. చెరువుమట్టి ఎగదోసి నిలబెడితే రెండు కోలుకున్నాయి. మునగ మళ్ళీ విరిగింది. దాన్ని ఇక వదిలేశారు. రెండో ఏడు వావిలి తల ఎత్తు దాటింది. ఆ జూలైలో పెద్దవాడు సెలవు పెట్టి వచ్చాడు, చప్టా వేసే మేస్త్రీ నంబరు జేబులో పెట్టుకునే వచ్చాడట. మధ్యాహ్నం గాలి హోరుమంటుంటే పెరట్లో నులకమంచం వేసుకుని పడుకుని, రెండు గంటల తరువాత లేచాడు. ఏమీ అనలేదు. మర్నాడు బెంగుళూరు బస్సెక్కే ముందు, "అమ్మా, ఆ గుమ్మం దగ్గర ఇంకో రెండు వావిళ్ళు పెడితే నయం" అని మాత్రం అన్నాడు.

ఇప్పటికి అయిదు ఆషాఢాలు గడిచాయి. వీధిలో ఆడపిల్లలంతా, తమిళుల పిల్లలతో సహా, గోరింటాకు కోసం ఈ పెరటికే వస్తారు. కోయండి గాని, లోపలి వైపునుంచే కోయండి అంటారు వదిన. బయటి వైపు పలచబడితే గాలి లోపలికి వస్తుందని.